జొన్నలతో కూలి కొలిచిన మా వదిన

మా వదిన పోయిందన్న కబురు నాకు అచ్చంపేట సంతలో అందింది. చీరల మూట అప్పుడే విప్పాను. గద్వాల నుంచి వచ్చిన నూలు వ్యాపారి ఒకాయన నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చుని, "మీ వదిన మొన్న పొద్దుగాల పోయింది. నీకు తెల్వదా?" అన్నాడు. నేను ఇల్లు చేరేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే ముందు నెత్తురే గుర్తుకు వస్తోంది. అయినా రాస్తాను.

ఆమెది వీపనగండ్ల. మా అన్నను చేసుకుని గద్వాలలో మా నేతగాళ్ళ వీధికి వచ్చింది. మెత్తని మనిషి కాదు. గింజ పంటి కింద కొరికి చూడనిదే జొన్నలు కొనేది కాదు. ఎవరైనా ఆమె ముందు కష్టంగా ఉందని వాపోతే ఊరుకునేది కాదు. "కష్టం కష్టం అనకు. నిరుడెంత తిన్నవ్, గిప్పుడెంత తింటున్నవ్? గది చెప్పు," అనేది. ఆ మాట వింటే మా అమ్మకు ఒళ్ళు మండేది.

దూరదేశాల్లో యుద్ధం మొదలయ్యాక జొన్నల ధర ఆగకుండా పెరిగింది. మాకు నూలు ఇచ్చి, చీర నేయించుకుని, కూలి ఇచ్చే షావుకారు మాత్రం ఒకే ఒక్కసారి, అదీ కొద్దిగా పెంచాడు. వీధిలో మగవాళ్ళం సంఘం కట్టుకున్నాం. చీరకు ఇంకో రూపాయి అడగాలని మా ఇంటి ముందు కూర్చుని మాట్లాడుకుంటుంటే, లోపల దారం కండెలు చుడుతున్న వదిన బయటికి వచ్చింది.

"ఇయ్యాల రూపాయి అడుగుతరు. జొన్నలు ఇంకింత పిరమైతే మల్ల పోయి కాళ్ళు మొక్కుతరా? యుద్ధం రాకముందు చీర కూలికి ఎన్ని జొన్నలొస్తుండెనో, గన్ని జొన్నలొచ్చేటట్టు కూలడుగుండ్రి. ధర పెరిగితే కూలి పెరగాలె. తగ్గితే తగ్గనియ్యిండ్రి."

"తగ్గుడెందుకు?" అన్నాడు అన్న.

"నాయం రెండు దిక్కులుండాలె. మనకొక్కరికే ఉంటే ఆయనెందుకు ఒప్పుకుంటడు? ఇంకో మాట. చీరకు పనిచేసేది మగ్గం మీద కూసున్నోడొక్కడేనా? కండెలు చుట్టేటోళ్ళు, గంజి పెట్టేటోళ్ళు ఎవరు? ఆ చేతులకు కూలి ఏది?"

మగవాళ్ళు నవ్వారు. అన్న నవ్వలేదు. "రేపు నువ్వే అడుగు," అన్నాడు.

మరునాడు షావుకారు అరుగు ముందు నిలబడ్డాం. వదిన తల మీదికి కొంగు లాక్కుని ఉన్న మాటంతా చెప్పి, "మీరు నూలిస్తున్నరు, కాదంటలేము. జర మా కడుపు గూడ లెక్కల పట్టుండ్రి," అంది.

"జొన్నల ధర నా చేతిల ఉందా?" అన్నాడాయన. "మగ్గం మీద కూసునేటోనికి కూలిస్త. ఆడోళ్ళు చేసేది ఇంటిపని. దానిగ్గూడ కూలంటే రేపు వంటకు గూడ అడుగుతరు."

"అయితే ఇంటిపనే చేసుకుంటం తియ్యిండ్రి," అంది వదిన.

మర్నాటి నుంచి మా వీధిలో ఏ ఆడమనిషీ కండె చుట్టలేదు. మగవాళ్ళం ఉన్న కండెలు అయిపోయేదాకా నేసి, తర్వాత చేతులు ముడుచుకు కూర్చున్నాం. మగ్గాలన్నీ ఆగిపోయాయి. ముందున్నది పెళ్ళిళ్ళ కాలం. షావుకారు ఒకరిద్దరితో కబురు పంపాడు, బెదిరించాడు. వదిన ఇంటింటికీ తిరిగి ధైర్యం చెప్పింది. దొంగచాటుగా కండెలు చుట్టబోయిన మా పిన్నిని చెంప మీద కొట్టింది కూడా.

తర్వాత ఒకనాటి మిట్టమధ్యాహ్నం బయటి మనుషులు కర్రలూ కొడవళ్ళూ పట్టుకుని వీధిలోకి వచ్చారు. రాట్నాలు విరగ్గొట్టారు. మగ్గాల మీద పరిచిన నూలు దారాలను కొడవళ్ళతో కోసేశారు. అడ్డం వచ్చిన ముసలమ్మను జుట్టు పట్టి ఈడ్చారు. మా మగ్గం మీద పడ్డప్పుడు అన్న దారాల మీద బోర్లా పడుకున్నాడు. వీపు మీద కొట్టారు, లేవలేదు. తల మీద కొట్టారు. తెల్లని దారం అంతా ఎర్రబడింది. అడ్డుపడిన వదిన కుడి మణికట్టు మీద కర్ర పడి ఎముక విరిగింది. ఆమె ఎడమచేత్తో రోకలి అందుకుని కొట్టినవాడి మోకాలి మీద వేసింది. వాడు కూలబడ్డాడు. మిగిలినవాళ్ళు పారిపోయారు.

పడినవాడి మీద వీధంతా విరుచుకుపడింది. రాళ్ళతో కొట్టారు. పళ్ళు రాలాయి, చెవి తెగింది. ఇంకాసేపైతే చచ్చేవాడే. వదిన వెళ్ళి వాడి మీద అడ్డంగా పడింది.

"ఈన్ని సంపితే రేపు ఠాణాల మన పేర్లే ఉంటయ్. ఇగ కూలి ముచ్చట ఎవడింటడు?" అని అరిచింది. చేతులు ఆగాయి. అప్పుడు వాణ్ణి అడిగింది. "ఎంతకొచ్చినవ్ రా మా మీదికి?"

వాడు నెత్తురు ఉమ్మి, "కుంచెడు జొన్నలకు," అన్నాడు.

"రూపాయలెందుకు తీసుకోలే?"

"ఇయ్యాల రూపాయలకు ఏమొస్తున్నయమ్మా?"

వాడికి కట్టు కట్టి ఇక్కడే ఉంచమని వదిన వీధివాళ్ళకు చెప్పింది. తర్వాత లేచి అన్న దగ్గరికి వెళ్ళింది.

అన్న మళ్ళీ మాట్లాడలేదు. వారం తిరగకముందే పోయాడు. ఊరి పెద్దలు పంచాయితీ పెట్టారు. మొగుడు పోయిన ఆడది అంత తొందరగా గడప దాటకూడదన్నారు. వదిన విన్నది కాదు. విరిగిన చేతికి వెదురు దబ్బల కట్టుతో వచ్చి నిలబడింది. కుంటుతున్న ఆ మనిషిని తీసుకువచ్చి పక్కన నిలబెట్టింది. షావుకారూ అక్కడే ఉన్నాడు; అంతవరకూ ఆయన్ను ‘మీరు’ అనే పిలిచిన వదిన ఆ రోజు ‘నువ్వు’ అంది.

"మా ఆయనను కొట్టినోనికి నువ్వు జొన్నలు కొలిచిచ్చినవ్. రూపాయి విలువ పోయిందని ఆనికెరుకే, నీకెరుకే. కొట్టేటోనికొక లెక్క, నేసేటోనికొక లెక్కనా?"

ఆ మనిషి తల వంచుకుని, "నిజమే, జొన్నలే ఇచ్చిండు," అన్నాడు.

షావుకారు సిగ్గుపడి ఒప్పుకున్నాడని నేను అనుకోను. పెళ్ళిళ్ళ బేరం చేయిజారుతోందని ఒప్పుకున్నాడు. ఒప్పందం ప్రకారం పంట పంటకూ జొన్నల ధర చూసి కూలి కట్టాలి. కండెలు చుట్టిన కూలి ఆడవాళ్ళ చేతికే ఇవ్వాలి. అన్న చావుకు మాత్రం ఎవరికీ శిక్ష పడలేదు.

చాలా కాలానికి నేను అడిగాను. "ఆ రోజు వాణ్ణెందుకు కాపాడినవ్ వదినా?"

"కోపంల లెక్క తప్పుతది, మరిదీ. గప్పుడు తప్పొద్దనుకున్న. ఏడ్చుడు తర్వాత ఏడ్చిన," అంది. ఈ రోజుకూ బేరం కుదరక ఒళ్ళు మండినప్పుడు ఆ మాటే నన్ను కూర్చోబెడుతుంది.

కొత్త కూలి అందిన మొదటి సాయంత్రం కళ్ళకు కట్టినట్టుంది. వీధిలో అందరూ జొన్నలు తెచ్చుకున్నారు. పొద్దు వాలేసరికి ప్రతి ఇంటి నుంచీ రొట్టెలు కొట్టే చప్పుడు మొదలైంది. మా ఇంట్లో వదిన పొయ్యి ముందు కూర్చుంది. మా అమ్మ, "నేను చేస్త, లే బిడ్డా," అంటే లేవలేదు. ఎడమచేత్తోనే కొట్టింది. రొట్టె అంచు చిరిగింది. తడి వేలితో అతికింది. మళ్ళీ చిరిగింది. ఆమె చెయ్యి తడుపుకుని, పిండి దగ్గరికి తీసి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.