చీరె కట్టినామె ఉన్నదా?

తొంభైల మొదట్లో కరీంనగర్‌లో దుకాణం తెరిచాను. మా అవ్వ, ఆమె అక్కచెల్లెళ్ళు కట్టి విడిచిన నేత చీరెలతో రవికెలు, సంచులు కుట్టించి అమ్మడం నా వ్యాపారం. బట్ట వృథా పోకూడదు, మన నేత బతకాలి అని దొరికినవాళ్ళందరికీ ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ‘అవ్వ చీరె, బిడ్డ రవికె’ అని బోర్డు రాయించి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

వచ్చిన ఆడవాళ్ళు అంచు తడిమి ముచ్చటపడేవాళ్ళు. తరవాత మెల్లగా అడిగేవాళ్ళు.

"గీ చీరె కట్టినామె ఉన్నదా, పోయిందా?"

మా వైపు పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు. అందరికీ వారసత్వం కావాలి, కాకపోతే అది ఇచ్చినామె ఇంకా ఊపిరి తీస్తుండాలి. ఉన్నదని నేను ఒట్టేసినా నమ్మేవాళ్ళు కాదు.

చివరికి మా అవ్వనే తెచ్చి గల్లా పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. ఇక ఉపన్యాసంతో పని లేకపోయింది. ఆమె ఒకసారి దగ్గితే చాలు, రవికె అమ్ముడుపోయేది.

ఒకనాడు ఆమెకు జ్వరం వచ్చింది. నేను పరుగున పోయి డాక్టరును వెంటబెట్టుకొచ్చాను. మంచంలోంచే నన్ను ఎగాదిగా చూసింది.

"నీ ఫికర్ నా మీదనా బిడ్డా, దుకాణం మీదనా?"