లోపలి గడియ

సూరమ్మ పుట్టింది కొల్లేటి లంకలో. చుట్టూ నీళ్ళు, నీళ్ళ మధ్య గుప్పెడు నేల, ఆ నేల మీద నలభై ఇళ్ళు. ఏ ఇంటికీ గడియ లేదు. కుక్కలు దూరకుండా తడిక మాత్రం ఉండేది. గుమ్మంలో ఎవరైనా నిలబడితే ముందు మంచినీళ్ళు ఇచ్చేవారు, ఎవరని అడగడం ఆ తర్వాతే. ఎండలో పడవ తోసుకుంటూ వచ్చిన మనిషికి గొంతు ఎండిపోయి ఉంటుందని అందరికీ తెలుసు.

పెళ్ళయ్యాక భర్త సోమరాజుతో కలిసి ఆకివీడు దగ్గర చేపల చెరువుల కాపలాకు కుదిరింది. గట్టు మీద రేకుల షెడ్డు. పైన ఒక ఆకాశం, చెరువులో ఒక ఆకాశం. చెరువుకి అడ్డంగా నైలాన్ దారాలు లాగి, వాటికి ఖాళీ డబ్బాలు కట్టేవారు. కొంగో నీటికాకో వాలితే దారం కదిలేది, డబ్బాలు గలగలమనేవి, పిట్ట లేచిపోయేది. ఇరవై ఏళ్ళు ఆ చప్పుడు మధ్యే వండుకున్నారు, తిన్నారు, కూతురు ప్రియాంకని పెంచారు. తాడేపల్లిగూడెంలో ఆ పిల్లకి ఇంజనీరింగ్ సీటు వచ్చిన సంవత్సరమే యజమాని చెరువులు అమ్మేశాడు. కొన్నవాళ్ళు తమ మనుషుల్ని తెచ్చుకున్నారు. అప్పుడు సూరమ్మకి ముప్పై తొమ్మిదేళ్ళు. ఒక ఇంట్లో చంటిపిల్లని చూసుకునే పనికి కువైట్ వెళ్ళింది.

పెద్ద ఇల్లు. గోడలకి ఇసుక రంగు, లోపల చలి. దిగిన రోజే మేడమ్ పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టింది. చూసుకోవలసిన పాప పేరు దానా, రెండేళ్ళది. సూరమ్మ మాత్రం బుజ్జమ్మ అనేది, పాప దానికే పలికేది. మేడ మీద పాప గదిలోనే సూరమ్మ పరుపు. ఆ తలుపుకి గడియ లేదు. పాప ఏడిస్తే మేడమ్ ఎప్పుడైనా లోపలికి రావాలి కదా అన్నారు. గడియ లేని ఇల్లు సూరమ్మకి కొత్త కాదు గనక ఆ విషయం మళ్ళీ తలుచుకోలేదు.

ఏడాది గడిచింది. మేడమ్ మరిది చదువు ముగించుకుని వేరే దేశం నుంచి వచ్చి ఆ ఇంట్లోనే దిగాడు. పాతికేళ్ళ మనిషి. అక్కడ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగింటి దాకా ఇల్లంతా నిద్రపోతుంది. ఒకరోజు ఆ వేళ అతను పాప గది తలుపు తెరిచి గుమ్మంలో నిలబడ్డాడు. సూరమ్మ గబుక్కున లేచి, కొంగు సర్దుకుని, సీసాలోంచి గ్లాసెడు నీళ్ళు వంచి రెండు చేతులతో ఇచ్చింది. అతను ఆమెని చూస్తూ నిదానంగా తాగాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. గ్లాసు తిరిగి ఇస్తూ ఆమె చేయి పట్టుకుని వదల్లేదు. మూడోరోజు లోపలికి వచ్చి వీపుతో తలుపు మూశాడు. సూరమ్మ పాపని గట్టిగా గిల్లింది. పాప గుక్కపెట్టి ఏడ్చింది. అతను వెళ్ళిపోయాడు.

కింద వంటింట్లో జెస్సీ ఉండేది. నరసాపురం మనిషి, తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో వంట చేస్తోంది. సూరమ్మ జరిగింది చెప్పింది.

"నీళ్ళిచ్చావా?" జెస్సీ గరిటె కింద పెట్టేసింది. "ఏంటి వదినా, చుట్టపుచూపుగా వచ్చాడనుకున్నావా? కుర్చీ కూడా వేశావా?"

"గుమ్మంలో నిలబడ్డాడు కదా జెస్సీ."

"ఇక్కడ గుమ్మంలో నిలబడ్డ మగాడికి నీళ్ళివ్వరు వదినా, తలుపేస్తారు. నువ్వు రమ్మన్నావని అనుకుని ఉంటాడు వాడు."

"మేడమ్‌తో చెప్పేదా?"

"ఏ మాటల్తో చెప్తావు? నీకొచ్చిన అరబీ అంతా పాలు, స్నానం, చెప్పులు. అయినా మరిది మాట కాదని నీ మాట నమ్ముద్దా? ఎదురు నువ్వే ఉంగరం దొంగిలించావంటారు. పోనీ బయటికి పోదామంటే, కాగితం లేకుండా గేటు దాటినోళ్ళని పారిపోయారని రాయించేస్తారు. ఎంబసీ నంబరుంది, రాసిస్తాను దాచుకో. ఈలోపు ఆ గది తలుపు సంగతి చూసుకో."

గడియ ఉంటే చాలు. సూరమ్మకి ఆ రోజు నుంచి వేరే కోరిక లేదు. గడియ లేదు గనక ఊరికి ఫోన్ చేసింది.

"మావా, చెరువు మీద దారం ఎంత ఎత్తున కట్టేవాడివి?"

సోమరాజు నవ్వాడు. "ఏమే, ఎడారిలో కూడా కొంగలొస్తున్నాయా?"

"ఒకటొస్తంది."

"ఎంతుంది?"

"మనిషంత ఉంది మావా."

సోమరాజుకి అర్థమైంది.

"వచ్చెయ్యి," అన్నాడు.

"పాస్‌పోర్టు ఆళ్ళ బీరువాలో ఉంది. ఎలా వచ్చేది? ఎంబసీ నంబరు మాత్రం ఉంది."

అతను పని నేర్పే గొంతుతో చెప్పాడు. "మోకాలెత్తున కట్టు. బిగించకు, కొంచెం వదులుంచు. డబ్బాల్లో రాళ్ళు వద్దు, చెంచాలు వెయ్యి. చెంచాలైతే ఇల్లంతా వినపడద్ది. పగలు రెండుసార్లు నాకు ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే నేనే ఆ ఎంబసీ వాళ్ళకి చేస్తాను. ఆ నంబరు చెప్పు, రాసుకుంటాను."

చంటిపిల్ల ఉన్న ఇంట్లో పాలపొడి డబ్బాలకి కొదవేముంది. సూరమ్మ ఆరు డబ్బాలు పోగుచేసి, జెస్సీ ఇచ్చిన చెంచాలు వేసి, గుమ్మానికి లోపలివైపు దారం కట్టింది. పాప నిద్రపోగానే కట్టడం, లేచే ముందు విప్పడం. నాలుగు మధ్యాహ్నాలు ఏమీ కాలేదు. తెర సందులోంచి వచ్చిన ఎండ ఒక్కటే ఆ దారం మీద నడిచి వెళ్ళింది.

అయిదోరోజు డబ్బాలు మోగాయి.

మేడమ్ జుట్టు ముడి వేసుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి మరిది కాలికి దారం, దారానికి డబ్బాలు, నేలంతా చెంచాలు. పాప మంచం మీద నిలబడి ఏడుస్తోంది. అతను గట్టిగా ఏదో చెప్పాడు. పాప పేరు ఒక్కటే సూరమ్మకి తెలిసింది. మేడమ్ అతని వంక చూసింది, డబ్బాల వంక చూసింది, గోడకి ఆనుకుని ఉన్న సూరమ్మ వంక చూసింది. అతను వెళ్ళాక వంగి డబ్బాలన్నీ తనే ఏరుకుని పట్టుకుపోయింది.

మర్నాడు ఉదయం వడ్రంగి వచ్చాడు. పేరు సత్తిబాబు, గెడ్డంలో చెక్కపొట్టు. సూరమ్మని చూడగానే మనవైపు మనిషని గుర్తుపట్టి తెలుగులోనే పలకరించాడు.

"మీదే ఊరండీ?"

"ఆకివీడు అవతల లంకండీ."

"అలాగాండీ! మాది గూడెం పక్కనేనండీ. అయితే చేపలోళ్ళన్నమాట. ఇక్కడ దొరికే చేప చేపేనంటారా?"

అంటూనే తలుపు బయటివైపు పెన్సిలుతో గీతలు గీశాడు. సూరమ్మ ముఖంలో అప్పుడే వచ్చిన వెలుగు ఆ గీతల దగ్గర ఆగిపోయింది.

"బయటేస్తున్నారేంటండీ?"

"మేడమ్ గారు బయటే అన్నారండీ. మధ్యాహ్నం ఆవిడే వేసి, ఆవిడే తీస్తారంట. లోపలైతే పాపనెట్టుకుని మీరు వేసేసుకుంటారని భయం అనుకుంటానండీ." గొంతు తగ్గించాడు. "మా ఊళ్ళో కోళ్ళగూటికేస్తామండీ బయట గడియ."

"బయటున్న గడియ ఎవరైనా తీస్తారు కదండీ."

సత్తిబాబు చేతిలో డ్రిల్లింగ్ మిషన్ దించాడు. "నిజమేననుకోండి. కానీ నేను చెప్పింది చేసేవాణ్ణండీ."

"నేనూ అంతేనండీ. మీరు ఒక్క అయిదు నిమిషాలు ఆగండి. కిందికెళ్ళి జెస్సీని అడిగి టీ తాగండి."

అతను పనిసామాను అక్కడే వదిలి మెట్లు దిగాడు. సూరమ్మ మేడమ్ గదికి వెళ్ళింది. చెప్పడానికి మాటలు వెతుక్కుంది. పాలు, స్నానం, చెప్పులు. మేడమ్ చేయి పట్టుకుంది. ఆ ఇంట్లో పనిమనిషి ఎన్నడూ చేయని పని అది. పట్టుకుని పాప గదికి తీసుకొచ్చి, ఆట బొమ్మల మధ్య కూర్చున్న పాప పక్కన నిలబెట్టింది. తను బయటికి వచ్చి తలుపు మూసి, పిడి రెండు చేతులతో పట్టుకుని, పాదం గోడకి తన్నిపెట్టింది. వల లాగే పట్టు అది.

లోపల పిడి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. మేడమ్ పిలిచింది, తర్వాత అరిచింది. పాప ఆటనుకుని నవ్వింది. మేడమ్ అరచేత్తో తలుపు మీద కొట్టడం మొదలుపెట్టాక పాప నవ్వు ఏడుపైంది. ఇప్పుడు వదిలితే పని పోతుంది, వదలకపోయినా పోతుంది అని సూరమ్మకి తెలుసు. కొట్టడం ఆగేదాకా పట్టుకుంది. అప్పుడు తెరిచింది.

మేడమ్ పాపని చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడింది. చెయ్యెత్తింది. ఆ చెయ్యి కొడుతుందని అనుకున్నా సూరమ్మ కళ్ళు మూసుకోలేదు. చెయ్యి అలాగే గాలిలో ఉండి, తలుపు మీద పెన్సిలు గీతల దగ్గరికి వెళ్ళింది. మేడమ్ ఆ గీతల్ని చాలాసేపు చూసింది. తర్వాత వేలితో తడిమి, తలుపుని లోపలికి నెట్టి, అవతలివైపు తట్టింది.

టీ తాగి వచ్చిన సత్తిబాబుకి మళ్ళీ చెప్పవలసి వచ్చింది. "లోపలాండీ?" అని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మేడమ్ తలూపింది. ఎంత ఎత్తున అని అడిగితే, సూరమ్మ పాపని గుమ్మం దగ్గర నిలబెట్టి, చేతులు పైకెత్తించి, ఆ వేళ్ళకి జానెడు పైన చూపించింది.

గడియ బిగించడం అయ్యాక సూరమ్మ లోపలికి వెళ్ళి వేసుకుంది. బయటి నుంచి మేడమ్ ఒకసారి నెట్టింది. రెండోసారి భుజంతో నెట్టింది. తలుపు కదల్లేదు. అడుగులు మెల్లగా దూరమయ్యాయి.

ఆ తర్వాత రెండేళ్ళ ఒప్పందంలో మిగిలిన పది నెలలూ అక్కడే పనిచేసి, పాస్‌పోర్టు చేతిలోకి వచ్చాక ఊరికి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు. ఆ రోజు మాత్రం గడియ వేసిన చెయ్యి తీయకుండా కాసేపు నిలబడి, సోమరాజుకి ఫోన్ చేసి "వేశారు మావా, లోపలే" అని చెప్పి, పాప పక్కన వాలి నిద్రపోయింది. పది రోజుల్లో కంటినిండా నిద్రపట్టడం అదే మొదటిసారి. అయిదింటికి పాప ముక్కు పట్టుకుని లాగితే లేచింది.