అరవై డిగ్రీల సన్మానం

మొన్న ఆదివారం నాకు సన్మానం జరిగింది. ఫోటోలు గూడ తీసిన్రు. ఆ ఫోటోలల్ల నా మొఖం చూస్తే ఎవరో పోయిన ఇంటికాడ కూర్చున్నట్టుంటది. ఎందుకో చెప్త, వినున్రి.

నేనొక ప్రైవేటు ఆఫీసుల స్టోర్స్ చూస్త. రెండేండ్ల సంది నాకొక పిచ్చి పట్టింది. కొలతలు లేని స్కేలు, కంపాస్, ఈ రెండిటితోనే ఏ కోణాన్నైన మూడు సమాన భాగాలు చెయ్యాలె. రెండు భాగాలు బడి పిల్లలు గూడ చేస్తరు. మూడు మాత్రం వేల ఏండ్ల సంది ఎవ్వరికి రాలే. అది కానే కాదని గణితంల నిరూపించిన్రని చిక్కడపల్లి లైబ్రరీల ఒక పుస్తకంల చదివిన. ఆ నిరూపణ నాకు సమజ్ కాలే. సమజ్ కాలే కాబట్టి అదే తప్పయి ఉంటదనుకున్న.

ఇగ ఆఫీసు నుంచి రాంగనే డైనింగ్ టేబుల్ నిండ నా చార్టులే. మా ఆవిడ సరోజ కంచం ఒళ్ళె పెట్టుకొని తినుడు అలవాటు చేసుకున్నది. పోయిన నెల ఒక పద్ధతి దొరికింది. ప్రొట్రాక్టర్ పెట్టి చూస్తే పర్ఫెక్ట్. ఏ కోణం వేసినా పర్ఫెక్ట్. ఖుషీ ఆగక మా అశోక్ నగర్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల పెట్టేసిన, వేల ఏండ్ల లెక్క మన బిల్డింగుల తెగిందని.

మా సెక్రెటరీ యాదగిరి అన్నకు లెక్కలు రావు గని, సన్మానాలంటే పానం. "ఆదివారం సాయంత్రం సెల్లార్ల ప్రోగ్రాం. ఫ్లెక్సీ నేను చూసుకుంట" అన్నడు.

అప్పుడు జర భయమైంది. ఒక్కసారి తెలిసినోళ్ళకు చూపెడదామని ఆదివారం పొద్దుగాల నారాయణగూడ పోయిన. అక్కడ వసుంధర మేడం ఉంటరు, రిటైరైన మ్యాథ్స్ లెక్చరర్. సరోజకు కాలేజీల పాఠాలు చెప్పిన్రు.

మేడం నా చార్టు ముట్టుకోలే. చాయ్ ఇచ్చి, ఒక తెల్లకాగితం ముందట పెట్టిన్రు.

"అరవై డిగ్రీలు గీసి, మీ పద్ధతిలో మూడు చెయ్యండి."

చేసిన.

"ఒక్కో భాగం ఎంతొచ్చింది?"

"ఇరవై, మేడం."

"చుట్టూ మొత్తం మూడొందల అరవై. అంటే ఇరవైలు పద్దెనిమిది పట్టాలి. కంపాస్‌ని ఆ ఇరవైకి సరిపడా తెరిచి, వృత్తం చుట్టూ పద్దెనిమిది అడుగులు వేయించండి. మొదలుపెట్టిన చుక్క మీదికే రావాలి కదండీ."

వేయించిన. పద్దెనిమిదో అడుగు ఆ చుక్కకు ఇవతలనే ఆగింది. నడుమ బియ్యపుగింజ మందం సందు.

"పెన్సిల్ మొద్దుగున్నది మేడం" అన్న. చెక్కుకొని మళ్ళ చేసిన. అదే సందు. "స్క్రూ లూజున్నది" అన్న. మేడం లోపలికి వోయి తన కంపాస్ తెచ్చిచ్చిన్రు. మళ్ళ అదే సందు, అదే జాగల.

"ఒక్క అడుగులో తప్పు వెంట్రుకంత. ప్రొట్రాక్టర్‌కి కనపడదు. పద్దెనిమిది కలిస్తే కనపడింది" అన్నరు మేడం మెల్లగ. "చాలా దగ్గరికొచ్చారండీ. కానీ లెక్కల్లో దగ్గర అంటే, కాదు అనే అర్థం."

మెట్లు దిగుకుంట లెక్కేసుకున్న. రెండేండ్లు. సరోజను ఒక్క సినిమాకు తీస్కపోలే. ఆటో పిలువ బుద్ధి గాక ఇంటిదాక నడిచిన.

సాయంత్రం సెల్లార్ల కుర్చీలేసిన్రు. ఫ్లెక్సీ మీద నా ఫోటో, పక్కన కంపాస్ బొమ్మ. యాదగిరి అన్న చెవుల చెప్పిన, "అన్నా, నాది తప్పయింది. క్యాన్సిల్ చెయ్యి."

"సమోసలు వచ్చేసినయి. ఇప్పుడెట్ల క్యాన్సిల్ చేస్త?"

మైకు చేతికిచ్చిన్రు. అబద్ధం చెప్పొచ్చు, అక్కడ కొలిచెటోళ్ళు ఎవ్వరు లేరు. గని ముందు వరుసల సరోజ కొత్త చీర కట్టుకొని కూర్చున్నది. నోరు రాలే. "నా పద్ధతి తప్పు. కోణాన్ని అట్ల మూడు భాగాలు చేసుడు కాదు. మాఫ్ చెయ్యున్రి" అని కూర్చున్న.

అప్పుడు యాదగిరి అన్న మైకు గుంజుకున్నడు.

"విన్నరు గదా. వేల ఏండ్ల సంది అందరు అయితదని పరేషానైతున్రు. కాదని కనిపెట్టింది మన సారే."

ఒకటే చప్పట్లు. అది వేరెటోళ్ళు ఎన్నడో నిరూపించిన్రని చెప్పనీకి లేస్తుంటే, మీద శాలువ పడ్డది.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డ. "ఇంత నామోషీ నా జన్మల లేదు" అన్న.

సరోజ శాలువ మడతపెడుతు, అంచు వేళ్ళ నడుమ పెట్టి చూసింది.

"బట్ట మంచిదే" అన్నది. "ఇంకేదన్న చేతగాదని ఒప్పుకో. మా అమ్మకు గూడ ఒకటి అయితది."