లాప్‌టాప్ మీద నిమ్మకాయ

ఎల్లుండి నాకు కంప్యూటర్ సైన్స్ పరీక్ష. చదువుకుందామని యూనివర్సిటీ హాస్టల్ నుంచి లక్సెట్టిపేటలో మా ఇంటికొచ్చాను. ఒక లెక్క ఉంది: పేర్చిన పళ్లేలను ఒక్కొక్కటిగా తీసి పక్క కుప్పకు మార్చాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. ఎంతకీ బుర్రకెక్కక, ఈ సాయంత్రం గిన్నె మూతలు తెచ్చుకుని, నేల మీద కూర్చుని, గొణుక్కుంటూ మార్చడం మొదలుపెట్టాను.

తలెత్తితే గడపలో అమ్మ. ఎప్పటినుంచి చూస్తోందో!

"ఏం జేస్తున్నవే?"

"చదువుకుంటున్న అవ్వా," అన్నాను. మా ఇంట్లో అమ్మని అవ్వ, నాన్నని బాపు అంటాం.

"మూతలతోనా? ఎవలు జెప్పిన్రు గిట్ల జెయ్యమని?"

"మా సార్ చెప్పిండు."

అమ్మ గొంతు తగ్గించింది. "గా సార్‌ది ఏ ఊరు?"

తెలియదన్నాను. అంతే, ఇది చేతబడేనన్న ఆమె అనుమానం ఖాయమైపోయింది. ఉప్పు, ఎండుమిరపకాయలతో నాకు దిష్టి తీసింది. లాప్‌టాప్ మీద ఒక నిమ్మకాయ పెట్టి, బాపు వచ్చేదాకా ముట్టొద్దని చెప్పి వెళ్లింది.

నా ప్రోగ్రాములన్నీ అందులోనే ఉన్నాయి. నేను ఇలాంటివి నమ్మను. అయినా గంట నుంచి నిమ్మకాయ అక్కడే ఉంది, నేనేమో ఫోన్లో ఇది రాస్తున్నాను.

మీరైతే తీస్తారా?