కారు తాళానికి పెట్టిన పసుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేనికైనా కరువు ఉండేదేమో గానీ, పసుపుకు మాత్రం కొదవ ఉండేది కాదు. మాది ఆర్మూరు. ఉడికిన కొమ్ముల వాసన, ఆరబోసిన కొమ్ముల వాసన, మార్కెట్ యార్డుకు పోయే బండ్ల మీంచి రాలే దుమ్ము, అన్నీ కలిసి మా ఊరి గాలికే ఒక రంగు ఉండేది. ఉదయం ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి కూడా తెల్లగానే ఉంటే ఆ రోజు మార్కెట్‌కు సెలవన్నమాట. దెబ్బ తగిలితే పసుపు, జలుబు చేస్తే పసుపు, పండగొస్తే పసుపు. పసుపు ఎక్కడ పెట్టినా మంచే జరుగుతుందని నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ ఊళ్ళో పుట్టినందుకు దానంతటదే వచ్చేసింది.

మా నాన్నను మేము బాపు అనేవాళ్ళం. ఆయనకు ఒక పాత తెల్లకారు ఉండేది, దాన్ని అద్దెకు తిప్పేవాడు. పసుపు వ్యాపారులను నిజామాబాదుకూ, చుట్టాలొచ్చిన వాళ్ళను డ్యాం చూపించడానికి పోచంపాడుకూ తీసుకుపోయేవాడు. ఆ కారుకు తాళం స్టీరింగు పక్కనే ఉండేది. తాళంచెవి తీసి స్టీరింగును కాస్త తిప్పితే, దొంగలు తోలుకుపోకుండా అది బిగుసుకుపోయేది. మళ్ళీ చెవి పెట్టి తిప్పితేనే ఇంజనూ మేలుకునేది, స్టీరింగూ కదిలేది. మా వాడ మొత్తానికి అదొక్కటే కారు. నాకు ఎనిమిదేళ్ళు, గర్వం మాత్రం ఎనభై ఏళ్ళ దొరసానికి ఉన్నంత.

ఆ ఏడు దసరా నాడు బాపు పొద్దున్నే కారు కడిగి, ముందు భాగానికీ, నాలుగు చక్రాలకూ, స్టీరింగుకూ పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ కట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఒకసారి ముందుకు తోలి, వాకిట్లో ఆపేశాడు. పూజ చేసిన బండికి ఆ రోజంతా పని చెప్పకూడదని మా ఇంట్లో పట్టింపు. తాళంచెవిని దేవుడి గూట్లో పెట్టి, మధ్యాహ్నం దాటాక మగవాళ్ళతో కలిసి జమ్మి ఆకు తేవడానికి వెళ్ళాడు.

నేను కారు చుట్టూ తిరిగి చూశాను. అన్నిటికీ బొట్టు ఉంది, తాళం కన్నానికి లేదు. కారు మేలుకునేదే అక్కడి నుంచి కదా, అసలు చోటునే బాపు మరిచిపోయాడే అనుకున్నాను. పెద్దవాళ్ళ పనుల్లో తప్పులు వెతికి దిద్దడం నాకు అప్పటి నుంచే ఉన్న జబ్బు. గిన్నెలో మిగిలిన పసుపులో దీపం నూనె కలిపి చిక్కటి ముద్ద చేశాను. గూట్లోంచి తాళంచెవి తెచ్చి, రెండు వైపులా దట్టంగా పూసి కన్నంలో పెట్టాను. తీసి, మళ్ళీ పూసి పెట్టాను. అదీ చాలదనిపించి వేలితో కన్నం నిండా అద్దాను. తర్వాత పైకి కనిపించే పసుపునంతా గౌను అంచుతో తుడిచేసి, తాళంచెవిని ఉన్నచోటే పెట్టాను. చేసింది ఎవరికీ చెప్పలేదు. చెబితే పుణ్యం తగ్గిపోతుందని ఎక్కడో విన్నాను.

సాయంత్రం బాపు తెచ్చిన జమ్మి ఆకును మా నాయనమ్మ చేతిలో పెట్టి కాళ్ళు మొక్కాను. ఆమె ఆ ఆకును కొంగుకు ముడేసుకుంది. తల్లిని బాపు అవ్వ అనేవాడు. ఊరి చివర మాకున్న కాస్త పసుపు చేనూ, ఇంట్లో ఉన్న ఒక బర్రే ఆమె లోకం. పండగైనా పబ్బమైనా బర్రెకు గడ్డి ఆమే కోసుకురావాలి, ఇంకొకరు తెస్తే అది తినదని ఆమె నమ్మకం.

మరునాడు పొద్దున చేని గట్టు మీద గడ్డి కోస్తుంటే ఆమెను పాము కరిచింది. పక్క చేను వాళ్ళు మోసుకొచ్చి వాకిట్లో మంచం మీద పడుకోబెట్టారు. ఊళ్ళో డాక్టరు వచ్చి కాలు చూసి, తన దగ్గర ఆ మందు లేదనీ, ఆలస్యం చేయకుండా నిజామాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మనీ చెప్పాడు. కారు ఎదురుగానే ఉంది, దండ కూడా ఇంకా వాడలేదు. బాపు గూట్లోంచి తాళంచెవి తీసుకుని పరుగున పోయి కూర్చున్నాడు.

చెవి లోపలికి పోయింది గానీ తిరగలేదు. బాపు తీసి మళ్ళీ పెట్టాడు. స్టీరింగును అటూ ఇటూ గుంజాడు. రెండు చేతులతో పట్టి తిప్పాడు. వైర్లు కలిపి ఇంజనును మొదలుపెట్టడం ఆయనకు తెలుసు, కానీ స్టీరింగు బిగుసుకుని ఉంటే ఇంజను నడిచి ఏం లాభం? పక్కింటి పెద్దమ్మ బస్టాండుకు మోసుకుపోదామంది, రోడ్డు మీద ఏదో ఒక బండి ఆపుదామంది. పండగ మరునాడు బస్సులు ఎప్పుడు వస్తాయో, లారీవాళ్ళు ఆపుతారో లేదో అని బాపు భయం.

“ఆగు వదినా, గిప్పుడే తిర్గుతది,” అన్నాడు. అలా ఎన్నిసార్లు అన్నాడో నాకు లెక్క లేదు.

చివరికి సైకిలు తీసుకుని పక్కనే ఉన్న పెర్కిట్‌కు పోయాడు. అక్కడ తాళాలు బాగుచేసే చాచా ఒకాయన ఉండేవాడు. మామూలు రోజుల్లో మార్కెట్ గేటు దగ్గర చిన్న చెక్కపెట్టె ముందు పెట్టుకుని కూర్చునేవాడు. పసుపు గోదాముల తాళాలన్నీ ఆయన చేతిలోంచి పోవలసిందే.

బాపు వచ్చేదాకా నన్ను నాయనమ్మ పక్కన కూర్చోబెట్టారు. అమ్మ లోపల బట్టలు సర్దుతోంది. నాయనమ్మ రెప్పలు నిద్రొచ్చినట్టు వాలిపోతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు ధైర్యం చెప్పాలని, పుణ్యం తగ్గినా పరవాలేదనుకుని, ఆమె చెవిలో చెప్పాను. నిన్న కారు తాళానికి లోపల నిండా పసుపు పెట్టాను, కారుకు ఏమీ కాదు, నిన్ను మంచిగా తీసుకుపోతుంది అని. ఆమె కళ్ళు కష్టంగా తెరిచి నన్ను చూసింది. ఆమెకు అర్థమైందని ఇప్పుడు నాకు తెలుసు. చెయ్యి ఎత్తి నా తల మీద పెట్టింది.

“మంచి పని జేసినవ్ బిడ్డా,” అంది. కాసేపు ఊపిరి తీసుకుని, “మీ బాపుకు జెప్పు, పైలంగ తోల్మను. ఆగమాగం గావొద్దను,” అంది. కారు జాగ్రత్తగా నడపమని, కంగారు పడొద్దని.

ఆ తర్వాత ఆమె నాలుక మొద్దుబారిపోయింది. ఏదో అనబోయింది గానీ మాట రాలేదు.

చాచా సైకిలు దిగుతూనే బాపును పక్కకు జరగమన్నాడు. “జోర్ జెయ్యకు తమ్మీ, చాబీ ఇరుగుతది,” అన్నాడు. తాళంచెవిని బయటికి తీసి వెలుతురులో తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. సన్నని సూది లాంటి పనిముట్టుతో దాని గాడిలోంచి ఏదో గీకి, గోటి మీద పెట్టుకున్నాడు. గోదాము తాళాల్లో పసుపు దుమ్ము ఇరుక్కోవడం ఆయనకు రోజూ చూసే సంగతే. కానీ ఇది దుమ్ము కాదు, ముద్ద. ఆయన తల తిప్పి, కారు తలుపు పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు. నా గోళ్ళ సందుల్లో పసుపు ఉంది.

ఒక సీసాలో పెట్రోలు తెప్పించి, తాళంచెవిని అందులో ముంచి పెట్టడం, తీయడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ ముంచడం మొదలుపెట్టాడు. గుడ్డ పసుపుపచ్చగా మారుతున్న కొద్దీ దాన్ని మడిచి గుప్పిట్లో దాచుకున్నాడు. అప్పుడు నాకు తెలిసింది. చేతులు వెనక్కి దాచుకున్నాను. సైకిలు పంపుతో కన్నంలోకి గాలి కొట్టాడు. ఆ తర్వాత నన్ను పిలిచి నా పెన్సిలు తెమ్మన్నాడు. నూనె వేస్తే మళ్ళీ దుమ్ము పడుతుందట, పెన్సిలు మసి అయితే పట్టదట. నా బడిసంచిలోంచి పెన్సిలు తెచ్చిచ్చాను. దాని ములుకును తాళంచెవి పళ్ళ మీద రుద్ది, లోపల పెట్టి, పసిపిల్ల చెయ్యి పట్టుకున్నంత మెల్లగా ఇటొక పిసరు అటొక పిసరు కదిపాడు. బాపును స్టీరింగు ఊపుతూ ఉండమన్నాడు. టక్కుమని చప్పుడై తాళం తిరిగింది.

ఎండ అప్పటికి వాకిట్లో సగం దాకా వచ్చేసింది. నాయనమ్మను వెనక సీట్లో పడుకోబెడుతుంటే, ఏమైంది చాచా అని బాపు అడిగాడు.

“తాళం పాతదైంది. లోపల అరిగింది. ఎన్నడో జెప్పిన గద, మార్పియ్యమని,” అన్నాడు చాచా.

బాపు ముఖం ఎలా అయిందో నేను చూశాను. నిజంగానే చాచా వానాకాలంలో ఆ మాట చెప్పాడు, బాపు పసుపు సీజను వచ్చాక చూద్దాంలే అనుకున్నాడు.

కారు వెళ్ళిపోయాక చాచా నన్ను బావి గట్టు దగ్గరికి తీసుకుపోయి చేతులు కడిగాడు. తన పనిముట్టు మొనతోనే నా గోళ్ళ సందుల్లోని పసుపు తీశాడు, నొప్పి తెలియకుండా. ఆ గుడ్డను పొయ్యిలో వేశాడు. “ఎవ్వరికి జెప్పకు బిడ్డా. నీకు ఎర్కలేక జేసినవ్,” అన్నాడు. అంత దయగా నాతో అంతకు ముందూ ఆ తర్వాతా ఎవరూ మాట్లాడలేదు.

నాయనమ్మ ఆ సాయంత్రమే పోయింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే అని అక్కడి డాక్టరు అన్నాడట. డాక్టర్లు ఆ మాట అలవాటుగా అంటారేమో, నాకు తెలియదు. బాపు మాత్రం దాన్ని బతికినన్నాళ్ళూ పట్టుకున్నాడు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాడు, అరిగిన తాళం మార్చక మా అవ్వను చంపుకున్న అని. వారం తిరక్కముందే కొత్త తాళం వేయించాడు. ఏడాది తిరక్కముందే కారు అమ్మేశాడు. తర్వాత ఇంకొకరి దగ్గర డ్రైవరుగా చేశాడు గానీ, దసరా నాడు ఏ బండికీ బొట్టు పెట్టలేదు. పాత తాళంచెవి మాత్రం ఆయన చొక్కా జేబులోనే ఉండేది.

నేను నోరు విప్పలేదు. దెబ్బలకు భయపడ్డానని మొదట్లో అనుకునేదాన్ని. నిజానికి బాపు నన్ను ఎన్నడూ కొట్టలేదు. ఆయన నన్ను చూసే చూపు మారిపోతుందని భయం.

పదమూడేళ్ళప్పుడు ఒకసారి ఉండబట్టలేక మార్కెట్ గేటు దగ్గరికి పోయి చాచా ముందు నిలబడ్డాను. నేను ఏమీ అనకముందే ఆయనకు అర్థమైంది. చేతిలో తాళం పక్కన పెట్టాడు.

“నీ మీద పడొద్దని మీ బాపు మీద ఏసిన. గప్పుడు ముందట ఏమైతదోనని నేను సోంచాయించలే,” అన్నాడు. తాను చెబితే బాపు నమ్మడనీ, ఊరడించడానికి కల్పించి చెబుతున్నాననుకుంటాడనీ, నా నోటితో నేను చెబితేనే ఆయన బరువు దిగుతుందనీ అన్నాడు. సరేనని తల ఊపి ఇంటికి వచ్చాను. చెప్పలేదు. ఆ మరుసటి ఏడు చాచా కూడా పోయాడు. అంతటితో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

పెళ్ళయింది, పిల్లలయ్యారు. మా ఇల్లూ ఆర్మూరులోనే కాబట్టి అమ్మ పోయాక బాపు మా దగ్గరే ఉన్నాడు. కొన్నేళ్ళ కిందట ఒక దసరా మధ్యాహ్నం, మా మనవరాలు నా స్కూటీకి పసుపు పెడుతూ తాళం కన్నం దాకా వచ్చింది. నేను ఒక్క అరుపు అరిచాను. పిల్ల బిక్కచచ్చిపోయింది. మంచం మీద కూర్చున్న బాపు ఎందుకట్ల అరిచినవ్ అని అడిగాడు. నలభై ఏళ్ళకు పైగా దాచింది ఆ వాకిట్లోనే చెప్పేశాను, పసుపు ముద్దతో మొదలుపెట్టి, చాచా గుప్పిట్లోని గుడ్డ దాకా.

బాపు కోప్పడలేదు. జేబులోంచి ఆ తాళంచెవి తీసి, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడనట్టు చూశాడు. అవ్వకు ఎర్కనా అని అడిగాడు. ఎరుకే అన్నాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టిన సంగతి చెప్పాను. ఆ తర్వాత, బాపుకు చెప్పమని ఆమె అన్నా నేను ఎవరితోనూ అనని ఆ మాట కూడా చెప్పాను. ఇన్నేళ్ళూ దాన్ని బయటపెట్టలేకపోయాను. అది చెబితే ఎప్పుడు అంది, ఎందుకు అంది అని అడుగుతారు, పసుపు సంగతి బయటికొస్తుంది. నా తప్పు దాచుకోవడానికి దాన్ని కూడా దాచాను.

“పైలంగ తోల్మన్నదా?” అన్నాడు బాపు.

“ఆగమాగం గావొద్దన్నది.”

ఆయన తాళంచెవిని నా చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

“గది మా అవ్వ నాకు జెప్పిన ఆఖరి మాట బిడ్డా. గిన్నేండ్లు నీ దగ్గర్నే పెట్టుకున్నవా?”

బాపు ఇప్పుడు లేడు. తాళంచెవి నా దగ్గరే ఉంది. దాని గాడిలో పెన్సిలు మసి ఇంకా నల్లగానే ఉంది, వేలితో రాస్తే అంటుకుంటుంది. పిల్లలు ఏదైనా పాడుచేసి నా వెనక దాక్కోవడానికి వస్తే దాచను. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, వాళ్ళు చెప్పేదాకా పక్కన నిలబడతాను. చాచా దయను నేను తప్పుపట్టను, అది లేకపోతే ఆ రోజు నేను ఏమైపోయేదాన్నో. కానీ నాయనమ్మ ఆఖరి మాట బాపుకు అందడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది.