వీపుకు బెండ్లు

“నీళ్లలో పడి సచ్చిపోతావు మే, సెప్తే ఇనవు.” మగ్గం గుంతలో కూర్చుని నేస్తూ గంగాదేవి రోజూ పొద్దున్నే కూతురు చౌడేశ్వరిని ఇలా తిడుతుంది. కోడుమూరు నేతగాళ్ల వీధిలో దూరపు పరుగులో పతకాలు తెచ్చిన పిల్ల ఆమె ఒక్కతే. పాదం ఎముక చిట్లి, పరుగు తగ్గించమని డాక్టరు చెప్పాక ఇక మగ్గమే గతి అన్నారు అందరూ. ఆమె మాత్రం ఈత, సైకిల్, పరుగు మూడూ ఉండే ట్రయథ్లాన్‌కు పేరిచ్చింది. ఈత ఒక్కటే రాదు. పరుగు అలవాటు కొద్దీ నీళ్లలోనూ కాళ్లు బలంగా తన్నేది, తన్నినకొద్దీ మునిగేది. చివరికి చిన్నపిల్లల్లాగా మునగకుండా వీపుకు తేలే బెండ్లు కట్టుకుని తోట బావిలోకి దిగబోయింది. “ఏమక్కా, పలక కూడా తెచ్చుకుంటివా?” అన్నాడు బావి రైతు ఉమామహేశ్వర. “నవ్వింది సాలు గానీ, ఆ ముడి గట్టిగా బిగించప్పా,” అని వీపు తిప్పి నిలబడింది. అతను నవ్వు ఆపి బిగించాడు.

మొన్న కడప దగ్గర జరిగిన పోటీలో నీళ్లలోంచి అందరికంటే చివర బయటికొచ్చింది. సైకిల్ మీద కొందరిని, పరుగులో ఇంకొందరిని దాటింది. ఆ ఊరి బడిలో పంతులునైన నేను మా పాపకు ఈత నేర్పమని ఆమెను అడగబోయి, పాపలాంటి సన్నటి ఒళ్లు తేలడం కష్టమని సైన్సు చెబుతుంటే ఆమె అడ్డుకుంది. “ఆ లెక్క నీళ్లకు సెప్పండి సార్. మీరు గట్టున నిలబడితే మీ భయమే బిడ్డకు అంటుకుంటాది. మీరూ దిగండి.” ఇప్పుడు ఆదివారాలు పాపతో పాటు నేనూ దిగుతున్నాను.