వేయించిన చిక్కుడు గింజలు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ పెరట్లో కాసే చిక్కుడు మా వీధిలో ఇంకెవరింటా ఉండేది కాదు. గిరిసోల దగ్గరి పుట్టింటి నుంచి ఆవిడ తెచ్చుకున్న విత్తనం అది. నల్లటి గింజ, ఒక పక్క తెల్లటి గీత. కాయలు పాదు మీదే ఎండాక ఒలిచి, కూరకు కొన్ని ఉంచి, మిగిలినవి బూడిదలో కలిపి కుండలో దాచేది. ఆ రకం తన దగ్గరే ఉందని చెప్పుకోవడం ఆవిడకు చాలా ఇష్టం.

ఒక ఆషాఢంలో పక్కింటి అక్క బావి దగ్గర నలుగురి ముందు నాలుగు గింజలు అడిగింది. కాదంటే బాగుండదని నాయనమ్మ సరేనంది. మర్నాడు గింజలు మూకుట్లో పోసి, రంగు మారకుండా, సన్నని సెగ మీద చాలాసేపు వేయించింది. నేను పక్కనే ఉన్నాను. చల్లారాక ఆకులో చుట్టి నా చేతికిచ్చింది.

"అక్కకిచ్చీసి రా. ఏటీ సెప్పకు. సెప్పినావో, ఈపు సీరేస్తాను."

తీసుకెళ్లి ఇచ్చాను.

అక్క గోడవార గొయ్యి తీసి, పెంట కలిపి వాటిని పాతింది. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు లేరని అత్తగారు ఆమెను రోజూ సాధిస్తుండేది. ఆ గొయ్యి దగ్గర మాత్రం అక్క ముఖం తేటగా ఉండేది. నేను రోజూ బడికి ముందు వెళ్లేదాన్ని. ఇద్దరం నీళ్లు పోసేవాళ్లం.

"మొలిసిందేటో సూడవే గుంటా" అనేది.

నేను వంగి చూసి, "ఇంకా లేదక్కా" అనేదాన్ని.

ఇరవై రోజులు గడిచాయి. బావి దగ్గర నాయనమ్మ అక్క అత్తగారితో తాపీగా అంది: "అదే గింజ మా ఇంట పందిరందుకుంది. గింజదేటి తప్పు? సెయ్యి బట్టి ఉంటాది."

అత్తగారు ఆ మాట పట్టుకుంది. కోడలి చేతిలో గింజ కూడా బతకదని వీధంతా చెప్పింది. ఆ ఏడు అక్కను వరి విత్తనాలు ముట్టుకోనివ్వలేదు. నెల తిరక్కుండానే దిగపహండిలోని పుట్టింటికి పొమ్మన్నారు.

రేకు పెట్టె పక్కన పెట్టుకుని, అక్క రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉంటే పరుగెత్తుకెళ్లి చెప్పేశాను. మూకుడు సంగతి, సెగ సంగతి, అంతా. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు.

"నీకు ముందే తెల్సా?"

తలూపాను.

"మరి రోజూ నాతోపాటు నీళ్లెందుకు పోసినావే?"

బస్సు వచ్చింది. ఎక్కి, నా వైపు చూడకుండా కూర్చుంది. మళ్లీ ఆ ఇంటికి రాలేదు. మరుసటి వేసవికి ఆ ఇంట్లో మరో కోడలు అడుగుపెట్టింది.

నాయనమ్మకు భయపడి నోరు మూసుకున్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే నిజం. మా అమ్మ చంటిపిల్లతో సతమతమవుతుండేది; నా తల దువ్వే తీరిక ఇంట్లో ఎవరికీ లేదు. నీళ్లు పోయడం అయ్యాక అక్క నన్ను మెట్టు మీద కూర్చోబెట్టుకుని, నూనె రాసి, రెండు జడలు వేసేది. నిజం చెబితే మర్నాటి నుంచి ఆ జడలు ఉండవని నాకు తెలుసు. ఆమె అడిగినదానికి జవాబు అదే. నాకు డెబ్బై ఏళ్లు దాటాక కూడా, దాన్ని ఎవరికీ పైకి చెప్పలేకపోయాను.